ఇంటి ప్లాను - ఆర్కిటెక్టు పని

మన పట్టణములలో ఇల్లు కట్టుకొనువారు చాలమంది మొదట స్థలము కొందురు. తరువాత ముహూర్తము పెట్టించుకొందురు. ఆ తరువాత మేస్త్రిని పిలుతురు. మేస్త్రి టేపు పట్టి, నేలమీద సున్నముతో ముగ్గు పోసి, "ఇది హాలు, ఇది వంటగది, ఇది పడకగది" అని చూపును. అరగంటలో ఇంటి స్వరూపము తేలిపోవును. ఏండ్ల తరబడి కూడబెట్టిన జీతము, దానిపై బ్యాంకు అప్పు, రాబోవు రెండు తరముల నివాసము - అన్నియు ఆ అరగంటపై ఆధారపడి యుండును. మేస్త్రి పనితనమును తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. గోడను తూకముగా నిలుపుట ఆయనకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. కాని ఏ గోడ ఎక్కడ ఉండవలెను, ఎందుకు ఉండవలెను అనునది వేరు ప్రశ్న. దానికి సమాధానము చెప్పుట నేర్చినవారు వాస్తుశిల్పులు, అనగా ఆర్కిటెక్టులు.

ఈ తెలుగు మాటతో ఒక చిక్కున్నది. 'వాస్తు' అనగానే ద్వారము ఏ దిక్కున, బావి ఏ మూల అని చెప్పు పండితుడు గుర్తుకు వచ్చును. ఆర్కిటెక్టు ఆయన కాడు. ఐదేండ్లు చదివి పట్టము పొంది, 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టము క్రింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేసికొన్నవారే ఆ పేరు పెట్టుకొనవచ్చును. అయితే ఆ చట్టము కాపాడునది ఆ పేరునే గాని, ప్లాను గీయుపనిని ఇతరులకు నిషేధింపదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ప్లాను గీయువారందరు ఆర్కిటెక్టులు కారు. 'సి.ఏ.' అను అక్షరములతో మొదలగు నమోదు సంఖ్యను అడిగి చూచుకొనుట మంచిది.

వారు గీయు గీతల వెనుక ఎట్టి లెక్క యుండునో ఒక్క కిటికీని తీసికొని చూతము. హైదరాబాదు అక్షాంశము సుమారు 17.4 డిగ్రీలు. డిసెంబరు 22న మిట్టమధ్యాహ్నము అక్కడ సూర్యుడు దక్షిణ దిక్కున 49 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. మార్చి 21న 72½ డిగ్రీల ఎత్తుకు వచ్చును. జూన్ 21న నడినెత్తిని దాటి 6 డిగ్రీలు ఉత్తరమునకు ఒరుగును. ఇప్పుడు దక్షిణపు గోడలో నాలుగడుగుల ఎత్తుగల కిటికీ, దానికి సరిగా పైన ఒకటిన్నర అడుగుల సన్‌షేడు ఉన్నవనుకొందము. సన్‌షేడు వెడల్పును సూర్యుని ఎత్తు కోణపు టాంజెంటుతో గుణించినచో గోడపై పడు నీడ పొడవు వచ్చును. మార్చిలో అది 4.8 అడుగులు. అనగా కిటికీ అంతయు నీడలో నుండును. డిసెంబరులో 1.7 అడుగులు మాత్రమే. క్రింది రెండుంబావు అడుగులలో నుండి వెచ్చని ఎండ గదిలోనికి వచ్చును. వేసవిలో ఎండను ఆపి, చలికాలమున రానిచ్చు ఈ ఏర్పాటుకు విద్యుత్తు అక్కరలేదు. పదవ తరగతి త్రికోణమితి చాలును.

అదే కిటికీని, అదే సన్‌షేడును పడమటి గోడకు మార్చి చూడుడు. మే నెల మూడవ వారమున సాయంకాలము నాలుగుంబావు ప్రాంతమున సూర్యుడు పడమట సుమారు 33 డిగ్రీల ఎత్తున ఉండును. అప్పుడు సన్‌షేడు నీడ ఒక్క అడుగు. మిగిలిన మూడడుగుల గుండ ఎండ నేరుగా మంచము మీదికి వచ్చును. గది రాత్రి పదింటికి గాని చల్లబడదు. తరువాత దళసరి తెరలు కట్టుదుము, ఏ.సి. కొందుము, ప్రతి వేసవిలోను బిల్లు చెల్లింతుము. ప్లానులోనే ఆ కిటికీని మరొక గోడకు జరిపియున్నచో పైసా ఖర్చు లేదు.

ఒక ఉదాహరణ. ముప్పది అడుగుల వెడల్పు, అరువది అడుగుల పొడవు గల రెండువందల గజముల స్థలము. రోడ్డు పడమట నున్నది. రోడ్డు వైపు పెద్ద హాలు, పెద్ద కిటికీ కావలెనని ఇంటివారు కోరుట సహజము. ఆర్కిటెక్టు ఆ వైపున మెట్లు, స్నానపు గది, సామానుల గది పెట్టి, వాటినే ఎండకు గొడుగుగా వాడవచ్చును. లేదా అక్కడ లోతైన వరండా ఉంచవచ్చును. పడకగదులు తూర్పునకు పోవును. ఇక ఇరుప్రక్కల పొరుగువారి ఇండ్లు లేచినచో నడిమి గది చీకటి కొట్టగును. దీనికి మన పెద్దలకు ఉపాయము తెలియును. గోదావరి జిల్లాల మండువా లోగిలిలోను, తెలంగాణ భవంతిలోను నడుమ ఆకాశము కనిపించు చోటు విడిచిరి. నేటి ఇరుకు స్థలములో అంతటి మండువా సాధ్యము కాదు. కాని చిన్న ఖాళీ విడిచినను వెలుగు దిగును, వేడిగాలి పైకి పోవును. గాలి లోనికి వచ్చుటకు కిటికీ పెట్టుట అందరును చేయుదురు. అది బయటికి పోవుటకు ఎదుట మరొక దారి లేనిచో వచ్చిన గాలి గుమ్మములోనే నిలిచిపోవును.

వృథాను అరికట్టుట కూడ వీరి పనియే. మూడడుగుల వెడల్పున ఇరువది అడుగుల నడవ అనగా అరువది చదరపుటడుగులు. చదరపుటడుగుకు రెండువేల రూపాయలు అనుకొనినను, నడచుటకు తప్ప దేనికిని పనికిరాని ఆ చోటికి లక్షా ఇరువదివేలు అగును. తలుపుల స్థానము మార్చి నడవను సగము చేయగల ప్లాను తన కూలిలో కొంత అక్కడనే రాబట్టుకొనును.

అయితే ఆర్కిటెక్టు మన ఇంటి సంగతులు కలగనలేడు. మెట్లెక్కలేని తల్లి ఉన్నదా? చదువుకొను పిల్లలెందరు? వంట ఒకరు చేయుదురా, ఇద్దరు కలిసి చేయుదురా? వాస్తు పట్టింపు లున్నవా? చేతిలోని సొమ్మెంత? ఇవన్నియు మొదటి రోజుననే దాపరికము లేక చెప్పవలెను. ముఖ్యముగా సొమ్ము సంగతి. పై అంతస్తు తరువాత వేయదలచినచో ఆ మాట పునాదికి ముందే తెలియవలెను. పునాది, స్తంభములు, ఇనుము లెక్కలు స్ట్రక్చరల్ ఇంజనీరువి. నల్లరేగడి నేలలో ఆయన లేకుండ అడుగు వేయరాదు. ఆ నేల తడికి ఉబ్బును, ఎండకు కుంగును, గోడలు చీలును.

ప్లాను చేతికి వచ్చిన తరువాత దానిని చదువుట ఇంటివారి వంతు. ఇది తరగతిలోను చేయదగిన పని. 1:50 కొలతలో మూడు మీటర్ల గది ఆరు సెంటీమీటర్లగును. రెండు మీటర్లు, ఒకటిన్నర మీటర్ల మంచమునకు నాలుగు, మూడు సెంటీమీటర్ల అట్టముక్క కత్తిరించుడు. బీరువాకు, బల్లకు అట్లే చేసి, గది బొమ్మలో పేర్చి చూడుడు. తలుపు తెరచినప్పుడు మంచమునకు తగులునో లేదో అప్పుడే తెలిసిపోవును. పెద్దలు సైతము ఈ ఆటలో ప్లాను మార్చుకొనుట కలదు.

కూలి విషయము వ్రాతమూలకముగా ఉండవలెను. నిర్మాణ వ్యయములో ఇంత శాతమనియో, మొత్తము ఇంతయనియో నిర్ణయింతురు. ఎన్ని పటములు ఇత్తురు, ఎన్నిసార్లు మార్తురు, పని జరుగునప్పుడు ఎన్నిసార్లు వచ్చి చూతురు, ఏ దశలో ఎంత చెల్లించవలెను - ఇవి ఒప్పందములో ఉండవలెను. మునిసిపల్ అనుమతికి వేయు పటము ఒక్కటియే చాలదు. మేస్త్రికి, కరెంటు పనివానికి, కుళాయి పనివానికి వేరువేరు పటములు కావలెను. కుదుర్చుకొనక ముందు వారు కట్టించిన ఇల్లొకటి చూచుట ఉత్తమము. మే నెలలో మధ్యాహ్నము మూడు గంటలకు పోయి, ఆ ఇంటి ఇల్లాలిని వంటగది ఎట్లున్నదని అడుగుడు.

పని ముగిసిన పిదప, గోడలలో గొట్టములు, తీగెలు నిజముగా ఏ దారిని పోయినవో చూపు పటములను అడిగి తీసికొని, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచవలెను. పదేండ్లకు గోడకు మేకు కొట్టువేళ అవి అక్కరకు వచ్చును.