లిథియం సెల్‌ల భద్రతకు అయానిక ద్రవాలతో జెల్ విద్యుద్విశ్లేష్యం

తిరుపతి: పుణ్యక్షేత్రంగా ప్రసిద్ధి గాంచిన తిరుపతి పరిసర ప్రాంతానికి బ్యాటరీల పరిశ్రమతో దీర్ఘకాల అనుబంధం ఉంది. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ కరకంబాడి కేంద్రంగా సీసపు-ఆమ్ల బ్యాటరీల తయారీలో దేశవ్యాప్త గుర్తింపు పొందింది. లిథియం సెల్‌ల పరిశోధన కొరకు ఆ సంస్థ 2021లో తిరుపతిలోనే ప్రత్యేక సాంకేతిక కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. 2022 సెప్టెంబరులో చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ రూ.165 కోట్ల వ్యయంతో తిరుపతి ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్‌లో నెలకొల్పిన కర్మాగారంలో ముందస్తు ఉత్పత్తి ప్రారంభమైంది. ఇది దేశంలోనే ప్రథమ లిథియం సెల్ కర్మాగారమని కేంద్ర ప్రభుత్వం నాడు ప్రకటించింది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో విజయవాడ, నిజామాబాద్‌లలో ఇళ్లలో ఉంచిన విద్యుత్ స్కూటర్ల బ్యాటరీలు పేలి ప్రాణనష్టం సంభవించిన విషయం విదితమే. దరిమిలా కేంద్రం ఏఐఎస్-156 భద్రతా ప్రమాణాలను సవరించి 2022 డిసెంబరు, 2023 మార్చి నెలల నుంచి రెండు దశలలో అమలులోకి తెచ్చింది. ఈ సవరణలు ప్రధానంగా బ్యాటరీ నిర్మాణానికి, పర్యవేక్షణ వ్యవస్థకు సంబంధించినవి. అయితే సెల్ లోపల మండే స్వభావం గల ద్రవం మాత్రం యథాతథంగానే ఉంది.

సెల్‌లోని రెండు ధ్రువాల మధ్య లిథియం అయాన్లను చేరవేసే ఆ ద్రవమే విద్యుద్విశ్లేష్యం, అనగా ఎలక్ట్రోలైట్. సాధారణంగా ఇది సేంద్రియ కార్బనేటులలో కరిగించిన లిథియం లవణం. వీటిలో ఒకటైన డైమిథైల్ కార్బనేటు సుమారు 17 డిగ్రీల సెల్సియస్ వద్దనే నిప్పురవ్వకు అంటుకొనే ఆవిరిని వెలువరిస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమకు ఇది గమనార్హం. సెల్ మూసి ఉన్నంత కాలం ఆవిరి బయటకు రాదు. లోపల షార్ట్ సర్క్యూట్ ఏర్పడి, వేడి పెరిగి, సెల్ చీలినప్పుడు ఆ ద్రవమే ఇంధనమవుతుంది.

ఈ ద్రవానికి ప్రత్యామ్నాయంగా శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నవి అయానిక ద్రవాలు. ఇవి కూడా లవణాలే. వంట ఉప్పు కరగడానికి 801 డిగ్రీల వేడి కావలసి ఉండగా, ఇవి 100 డిగ్రీల లోపే, కొన్ని గది ఉష్ణోగ్రత వద్దనే ద్రవరూపంలో ఉంటాయి. వీటి అయాన్లు పెద్దవిగా, అసమాన ఆకృతిలో ఉండడం వలన స్ఫటికంగా సులభంగా పేరుకొనకపోవడమే ఇందుకు కారణం. పాల్ వాల్డెన్ 1914లోనే ఇటువంటి ఒక లవణాన్ని వర్ణించినప్పటికీ, గాలికి, తేమకు తట్టుకొనే రకాలు 1992 తరువాతనే విస్తృత పరిశోధనకు వచ్చాయి. ఇవి దాదాపు ఆవిరి కావు కనుక సులభంగా నిప్పంటుకొనవు.

అయానిక ద్రవాన్ని, లిథియం లవణాన్ని పాలిమర్‌తో కలిపితే జెల్ తయారవుతుంది. పాలీవినైలిడిన్ ఫ్లోరైడ్ వర్గానికి చెందిన పాలిమర్‌ను అసిటోన్‌లో కరిగించి, మిగిలిన రెండింటినీ చేర్చి, గాజు పలకపై పలుచగా పరచి అసిటోన్‌ను ఆవిరి కానిస్తే, వంగే గుణం గల పొర మిగులుతుంది. పాలిమర్ గట్టిదనాన్ని ఇస్తుంది, దాని సందులలో నిలిచిన ద్రవం అయాన్లను నడిపిస్తుంది. సెల్ చీలినా కారిపోయే ద్రవం స్వల్పం. చెప్పడానికి ఇది సులభమే గాని, తేమ ఏమాత్రం సోకని గదిలో చేయవలసిన పని.

లోపాలు లేకపోలేదు. అయానిక ద్రవాలలో అనేకం నీటి కంటే పదుల రెట్లు చిక్కనివి. కార్బనేటు ద్రవాల విద్యుత్ వాహకత గది ఉష్ణోగ్రత వద్ద సెంటీమీటరుకు సుమారు 10 మిల్లీసీమెన్లు కాగా, ఈ జెల్‌లలో సాధారణంగా 1 మిల్లీసీమెన్ స్థాయిలోనే ఉంటుంది. పైగా, ప్రవహించే విద్యుత్తులో లిథియం వాటా తక్కువ; అయానిక ద్రవపు సొంత అయాన్లు కూడా కదలడమే దీనికి కారణం. ఫలితంగా చార్జింగ్ నెమ్మదిస్తుంది. ధర కూడా అధికం. సుమారు 300 డిగ్రీలు దాటిన పిదప ఇవి సైతం విచ్ఛిన్నమై, మండగల వాయువులను వెలువరించవచ్చు. అందువలన ‘మండని బ్యాటరీ’ అనే పదప్రయోగం సముచితం కాదు. కొంత కార్బనేటును జెల్‌లో కలిపి వేగాన్ని పెంచే పద్ధతి ఉన్నప్పటికీ, ఆ మేరకు భద్రత తగ్గుతుంది.

పాత్రికేయులు మరొక విషయం గుర్తించవలసి ఉంది. సౌర విద్యుత్ పరికరాలతో విక్రయించే ‘జెల్ బ్యాటరీ’ వేరు. అది సిలికాతో చిక్కబరచిన గంధకామ్లం గల సీసపు బ్యాటరీ. సెల్‌ఫోన్లలోని ‘లిథియం పాలిమర్’ సెల్‌లలో సైతం సాధారణంగా ఉండేది కార్బనేటు ద్రవమే.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో ఆరంభమైన ఐఐటీ, ఐసర్ వంటి విద్యాసంస్థలు, సెల్‌ల పరిశ్రమ ఒకే ప్రాంతంలో ఉండడం తిరుపతికి గల అనుకూలత. ప్రయోగశాలలో తయారైన పొరను కర్మాగారంలోని వాస్తవ సెల్‌లో పరీక్షించడానికి దూరం పోనవసరం లేదు. ఇటువంటి జెల్‌పై ప్రకటన వెలువడినప్పుడు వాహకతను ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచారు, ఎన్ని చార్జింగ్ ఆవృత్తాల తరువాత సామర్థ్యం ఎంత మిగిలింది, మంట పరీక్షను విడి పొరపై జరిపారా లేక పూర్తిగా చార్జి చేసిన సెల్‌పై జరిపారా అన్న మూడు వివరాలను అధికారులు, పాత్రికేయులు కోరవచ్చు.