ఆటిజం ఎందుకు వస్తుంది? ఇందులో తల్లి తప్పేమైనా ఉందా?

పేరు పెట్టి పిలిస్తే చూడడు, రెండేళ్లు నిండినా మాటలు రావు. డాక్టర్ ‘ఆటిజం’ అనగానే ఇంట్లో ప్రశ్నలన్నీ తల్లి వైపు తిరుగుతాయి. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు? ఉద్యోగానికి ఎందుకు వెళ్లావు? ఫోన్ ఎందుకు ఇచ్చావు?

ఒకప్పుడు వైద్యులే ఈ నింద వేశారు. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లల్లో ఈ లక్షణాలను వివరించారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు, తల్లి ప్రేమ కరవవడమే దీనికి కారణమన్న వాదన చెలామణి అయింది. దాన్ని గట్టిగా దెబ్బతీసింది కవలలపై పరిశోధన. 1977లో బ్రిటన్‌లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రట్టర్ 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. పెంచిన తల్లి ఒక్కరే, తేడా జన్యువులది.

ఇప్పటికి వందకు పైగా జన్యువులకు ఆటిజంతో సంబంధం ఉన్నట్లు తేలింది. కొన్ని మార్పులు తల్లిదండ్రులిద్దరిలోనూ ఉండవు, బిడ్డలోనే కొత్తగా కనిపిస్తాయి. కాబట్టి ‘మా వంశంలో ఎవరికీ లేదు’ అనడంలో అర్థం లేదు. నెలలు నిండకుండా పుట్టడం, గర్భిణి మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడటం వంటివీ ముప్పు పెంచుతాయి. (ఆ మందును సొంతంగా మానేయొద్దు, ఫిట్స్ ప్రాణం మీదికి తెస్తాయి. డాక్టర్‌ను అడిగే మార్చుకోవాలి.)

టీకాల మాటకొస్తే, 12 మంది పిల్లలతో 1998లో అచ్చయిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల వివరాలు చూసినా ఎంఎంఆర్ టీకాతో సంబంధం కనిపించలేదు. ఫోన్ ఎక్కువైతే మాట ఆలస్యం కావచ్చు గానీ, ఆటిజం దానివల్లే వస్తుందని రుజువు కాలేదు.

చాలామంది పిల్లల్లో పరీక్షలు చేయించినా ఫలానా కారణం అని దొరకదు. అది దొరికేదాకా థెరపీ ఆపాల్సిన పని లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఉండే డైక్ కేంద్రాల్లో పరీక్ష, థెరపీ ఉచితం. అంగన్‌వాడీ, పీహెచ్‌సీ నుంచి అక్కడికి పంపిస్తారు. మూలకణాల చికిత్సతో నయం చేస్తామని లక్షలు అడిగేవారు కూడా ఉన్నారు. ఆటిజానికి ఆ చికిత్సను ఐసీఎంఆర్ సిఫారసు చేయలేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. నేషనల్ ట్రస్ట్ ‘నిరామయ’ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది, థెరపీ కూడా అందులో భాగమే.