కాగితం మారితే రుచి మారింది

2026 జనవరి 5 నుంచి బ్రిటన్ టీవీల్లో రాత్రి తొమ్మిది దాటేదాకా జంక్‌ఫుడ్ ప్రకటనలు వేయకూడదు. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలైతే పగలూ రాత్రీ తేడా లేకుండా ఎప్పుడూ వేయకూడదు. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తినుబండారాలను 13 తరగతులుగా విడగొట్టి మరీ ఈ నిషేధం పెట్టారు. ఎన్నోసార్లు వాయిదా పడ్డ చట్టం ఎట్టకేలకు అమల్లోకి వచ్చింది, సంతోషం. కానీ అందులో ఒక మినహాయింపు ఉంది. బర్గర్ కనబడకూడదు గానీ, బర్గర్లు అమ్మే కంపెనీ పేరు, లోగో, రంగులు, పాట కనబడొచ్చు, వినబడొచ్చు. ఫలానా తినుబండారం అని పోల్చుకునేలా తెర మీద ఏదీ లేకపోతే చాలు.

పిల్లల పొట్టలోకి వెళ్లేది బర్గర్ కదా, లోగోతో వచ్చే నష్టమేమిటి అనిపిస్తుంది. మినహాయింపు కోరిన కంపెనీల వాదన కూడా ఇంచుమించు అదే. ఈ ఇరవై ఏళ్ల పరిశోధనలు చెబుతున్నది మాత్రం వేరు. బర్గర్ బొమ్మ పిల్లల మీద ఎంత పనిచేస్తుందో, దాన్ని అమ్మేవాడి గుర్తూ అంతే పనిచేస్తుంది. ఎలా పనిచేస్తుందన్నదే ఈ వ్యాసం.

జంక్‌ఫుడ్ ఎందుకు మంచిది కాదో పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతానికి మూలం సరికాని ఆహారమేనని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రాసింది. ఆ ఒక్క అంకె చాలు, ముందుకు వెళదాం.

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ రాబిన్సన్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత తేలికైనదీ, ఇంత కలవరపెట్టేదీ మరొకటి లేదు. పేద కుటుంబాల పిల్లలు చదివే బడుల నుంచి మూడు నుంచి అయిదేళ్ల వయసున్న 63 మందిని ఎంచుకున్నారు. పిల్లవాడి ముందు ఒక ట్రే పెట్టారు. అందులో అటొకటి ఇటొకటి, ఒకే తినుబండారం రెండు చోట్ల. ఒకటి మెక్‌డొనాల్డ్స్ గుర్తున్న పొట్లంలో ఉంది, రెండోది అదే రంగు, అదే రకం కాగితంలో గుర్తు లేకుండా ఉంది. లోపల ఉన్నది మాత్రం ఒకే వంట. అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క కొరికించి, రెండూ ఒకేలా ఉన్నాయా, లేక ఒకటి బాగుందా, బాగుంటే ఏది అని అడిగారు.

ఫ్రెంచ్ ఫ్రైస్ దగ్గర 77 శాతం పిల్లలు గుర్తున్న సంచిలోవే రుచిగా ఉన్నాయన్నారు. గుర్తు లేనివి బాగున్నాయన్నది 13 శాతమే. చికెన్ నగెట్స్ దగ్గరా అదే ధోరణి. పాలు కూడా గుర్తున్న గ్లాసులోవే బాగున్నాయట. హాంబర్గర్ దగ్గర మాత్రం తేడా గట్టిగా చెప్పగలిగినంత రాలేదు. అసలు సంగతి క్యారెట్ల దగ్గర బయటపడింది. అవి మామూలు కిరాణా దుకాణంలో కొన్న పచ్చి క్యారెట్లు, ఆ రోజుల్లో మెక్‌డొనాల్డ్స్ అమ్మని సరుకు. అయినా 54 శాతం పిల్లలు గుర్తు మీద పెట్టిన క్యారెట్టే బాగుందన్నారు, 23 శాతం రెండో దాన్ని మెచ్చుకున్నారు. ఇంట్లో టీవీలు ఎక్కువున్న పిల్లల్లో ఈ మొగ్గు ఇంకా ఎక్కువగా కనబడింది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఆ పిల్లల్లో చాలామందికి ఇంకా చదవడం రాదు. వాళ్లను ఏది కొంటావని అడగలేదు, ఏది రుచిగా ఉందని అడిగారు. ఒకే క్యారెట్టు, ఒకే నాలుక. మారిందల్లా కింద పరిచిన కాగితం. దాంతో రుచే మారింది.

ఇది ఎలా సాధ్యమో తెలియాలంటే స్విట్జర్లాండ్‌లో నాడీశాస్త్రవేత్త వుల్ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన పనిని చూడాలి. మెదడు లోతుల్లో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలున్నాయి. షుల్ట్స్ కోతి మెదడులోని ఒక్కో కణం దగ్గరికి సన్నటి తీగ పంపి, అది ఎప్పుడు స్పందిస్తుందో విన్నాడు. మొదట్లో కోతి నోట్లో పండ్లరసం చుక్క పడగానే ఆ కణం చురుగ్గా స్పందించింది. అందులో వింతేమీ లేదు. తర్వాత రసం ఇచ్చే ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఆ స్పందన రసం నుంచి జరిగి దీపం దగ్గరికి వచ్చేసింది. దీపం వెలగగానే కణం చెలరేగుతోంది, రసం నోట్లో పడ్డప్పుడు మాత్రం మామూలుగా ఉంటోంది. ఇంకో అడుగు వేశారు. దీపం వెలిగించి రసం ఇవ్వలేదు. సరిగ్గా రసం రావలసిన క్షణానికి ఆ కణం తన మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయింది. రావలసింది రాలేదన్న లెక్క ఒక్క నాడీకణంలో, గడియారం పెట్టి చూసుకున్నట్టు నమోదైంది. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్ట్స్ 1997లో ఈ ఫలితాలను గణిత సూత్రంతో జోడించి ప్రచురించాడు. తర్వాత మనుషుల మెదడు స్కానింగుల్లోనూ ఇదే తీరు కనబడింది.

ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మెదడు ఆనందాన్ని మాత్రమే కొలవడం లేదు, రాబోయే ఆనందాన్ని ముందే లెక్కగడుతోంది. ఆ లెక్కకు ఆధారం గుర్తు. ఎండాకాలం మధ్యాహ్నం వీధి మలుపులో పుల్లఐసు బండి గంట వినగానే నోరూరిన వాళ్లందరికీ ఇది అనుభవమే. గంటలో తీపి లేదు, తీపి కబురుంది. కాకపోతే ఆ గంట రోజుకోసారి మోగి వెళ్లిపోయేది. టీవీ, ఫోను, హోర్డింగు, స్నేహితుడి టిఫిన్ డబ్బా, మ్యాచ్ మధ్యలో వచ్చే ప్రకటన, అన్నిచోట్లా ఒకే గుర్తు కనబడుతుంటే ఆ లెక్క రోజంతా నడుస్తూనే ఉంటుంది. తిండితో బొమ్మ ఉచితంగా ఇవ్వడంలోని కిటుకూ ఇదే. 1979లో అమెరికాలో మొదలైన మెక్‌డొనాల్డ్స్ పిల్లల భోజనం ‘హ్యాపీ మీల్’లో తిండితో పాటు బొమ్మ కూడా ఆ గుర్తు ఖాతాలోనే జమవుతుంది.

లెక్క వేసినంత మాత్రాన రుచి ఎందుకు మారాలి? 2004లో శామ్యూల్ మెక్లూర్, మాంటేగ్ తదితరులు కోక్, పెప్సీలతో చేసిన ప్రయోగంలో కొంత జవాబు దొరుకుతుంది. పేరు చెప్పకుండా స్కానర్‌లో తాగించినప్పుడు నుదుటి వెనక ఒక భాగంలో కనిపించిన చురుకుదనం, తాగినవాళ్ల ఇష్టంతో సరిపోలింది. ఇది కోక్ అని డబ్బా బొమ్మ చూపించి తాగించేసరికి, జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోక్యాంపస్ కూడా రంగంలోకి దిగింది. అదే పానీయం, కానీ జ్ఞాపకం వచ్చి చేరింది. నాలుక పంపిన కబురు, గుర్తు పంపిన కబురు రెండూ కలిశాకే రుచి తయారవుతోంది. అంటే బడి పిల్లలు అబద్ధం చెప్పలేదు. గుర్తున్న క్యారెట్టు వాళ్లకు నిజంగానే బాగుంది.

ప్రకటన ఎలా పనిచేస్తుందన్న విషయంలో పొరబడ్డవాళ్ల, పొరబడేలా చేసినవాళ్ల జాబితా పెద్దదే. అందరికన్నా పేరుమోసినవాడు అమెరికా మార్కెట్ పరిశోధకుడు జేమ్స్ వికారీ. 1957లో న్యూజెర్సీలోని ఒక సినిమా హాల్లో కంటికి ఆననంత వేగంగా ‘పాప్‌కార్న్ తినండి, కోకాకోలా తాగండి’ అని మెరిపించి అమ్మకాలు పెంచానని ప్రకటించాడు. ప్రపంచం బెంబేలెత్తిపోయింది. 1962లో ఆయనే అదంతా వ్యాపారం కోసం చెప్పిన మాటని ఒప్పుకున్నాడు. నష్టం మాత్రం జరిగిపోయింది. ప్రకటన ప్రమాదమంటే ఎక్కడో దాగి ఉన్న రహస్య సందేశం అనే భయం జనంలో నాటుకుంది. నిజానికి గుర్తుకు దాక్కోవలసిన అవసరమే లేదు. పట్టపగలు, పెద్ద అక్షరాల్లో, కన్నవాళ్ల పక్కన కూర్చున్న పిల్లల మీద అది పనిచేస్తుంది.

రెండో పొరపాటు పెద్ద పండితులది. ప్రకటన ఉద్దేశం సరుకు అమ్ముకోవడమేనని పిల్లలకు ఏడెనిమిదేళ్లకు తెలుస్తుంది, తెలిశాక వాళ్లను వాళ్లే కాపాడుకుంటారు అనుకున్నారు. 1978లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చిన్నపిల్లలకు ఉద్దేశించిన ప్రకటనల మీద నిషేధం ప్రతిపాదించినప్పుడు కూడా ఆ వయసు గీతనే నమ్ముకుంది. కమిషన్ దేశానికి ఆయాలా తయారైందని వాషింగ్టన్ పోస్ట్ ఎద్దేవా చేసింది. 1980లో అమెరికా కాంగ్రెస్ కమిషన్ అధికారాలకు కత్తెర వేసింది, మరుసటి ఏడాది ప్రతిపాదన మూలపడింది. అప్పుడు నమ్ముకున్న ఆ వయసు గీతే తప్పని తర్వాత తేలింది. పరిశోధకులు సోనియా లివింగ్‌స్టన్, ఎలెన్ హెల్స్పర్ 2006లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి చూస్తే, ప్రకటనల మర్మం తెలిసిన పెద్ద పిల్లలు తెలియని చిన్నపిల్లల కన్నా తక్కువ లోబడతారనడానికి ఆధారం కనబడలేదు. దీపం, రసం లెక్క ఆలోచనతో పని లేకుండా నడుస్తుంది. దాన్ని ఆపవలసిన నుదుటి భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

మూడో వాదన కంపెనీలది. ప్రకటన వల్ల గిరాకీ ఒక దుకాణం నుంచి ఇంకో దుకాణానికి మారుతుందే గానీ తిండి పెరగదంటారు. 2009లో జెనిఫర్ హారిస్ బృందం ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలకు కార్టూన్ చూపిస్తూ పక్కన ఒక గిన్నెలో చిరుతిండి పెట్టింది. మధ్యలో తిండి ప్రకటనలు చూసిన పిల్లలు, ఇతర ప్రకటనలు చూసిన వాళ్ల కన్నా 45 శాతం ఎక్కువ తిన్నారు. తిన్నది ప్రకటనలో చూపిన సరుకు కాదు, గిన్నెలో ఉన్నది.

ఇప్పుడు బ్రిటన్ మినహాయింపు సంగతికి వద్దాం. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఎమ్మా బాయ్లాండ్ బృందం ఏడు నుంచి పదిహేనేళ్ల 240 మంది బడిపిల్లలకు అయిదంటే అయిదు నిమిషాలు జంక్‌ఫుడ్ ప్రకటనలు చూపించింది, లేదా వినిపించింది. ఆ రోజు వాళ్లు తిన్నది, తిండితో సంబంధం లేని ప్రకటనలు చూసిన రోజు కన్నా సగటున 130 కేలరీలు ఎక్కువ. దాదాపు రెండు బ్రెడ్డు ముక్కలంత. అందులో సగానికి పైగా ఆ తర్వాత పెట్టిన మధ్యాహ్న భోజనంలో తిన్నదే. కొన్ని ప్రకటనల్లో తినుబండారమే లేదు, కంపెనీ గుర్తు ఒక్కటే ఉంది. వాటి ఫలితమూ అంతే వచ్చింది. 2025 మేలో స్పెయిన్‌లోని మలాగాలో జరిగిన ఊబకాయ సదస్సులో ఈ వివరాలు బయటపెట్టారు. చట్టం అమలుకు అప్పటికింకా ఏడు నెలల పైచిలుకు గడువుంది. అయినా మినహాయింపు అలాగే నిలిచింది. ఇది సైన్సును పక్కనపెట్టి కంపెనీలకు ఇచ్చిన రాయితీ, ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

క్యారెట్లు, జామకాయలు కూడా ఇలాగే ప్రచారం చేసి పిల్లల చేత తినిపించవచ్చు కదా అని కొందరంటారు. ప్రయోగం ప్రకారం సాధ్యమే. కానీ జామకాయ ప్రకటనకు డబ్బు కట్టేదెవరు? పెట్టుబడి ఉన్నచోటే గుర్తు పుడుతుంది. ఈ తర్కంతో నిషేధాన్ని వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు.

మన దేశంలో 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం పిల్లల కోసమే నడిచే ఛానళ్లలో, పిల్లల కార్యక్రమాల మధ్యలో చిప్స్, శీతల పానీయాల వంటి వాటి ప్రకటనలు వేయకూడదు. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు జంక్‌ఫుడ్ అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలున్నాయి. మంచివే. అయితే మన పిల్లలు చూసేది పిల్లల ఛానల్ ఒక్కటే కాదు. నాన్నతో ఐపీఎల్, నానమ్మతో సీరియల్, తమంతట తామే యూట్యూబ్ చూస్తారు. బ్రిటన్ కూడా 2007లో పిల్లల కార్యక్రమాలకే ఆంక్షలు పెట్టి, అది చాలదని తెలుసుకున్నాకే గడియారం ఆధారంగా నిషేధానికి వచ్చింది. చిలీ 2018లోనే ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా ఇలాంటి ప్రకటనలు ఆపేసింది. మనం నిబంధనలు సవరించే రోజున కార్యక్రమాన్ని కాక సమయాన్ని ఆధారంగా తీసుకోవాలి, గుర్తును కూడా ప్రకటన కిందే లెక్కగట్టాలి.

అప్పటిదాకా ఉన్న నిబంధననైనా వాడుకుందాం. పిల్లల ఛానల్‌లో చిప్స్ ప్రకటనో, కూల్‌డ్రింక్ ప్రకటనో కనబడితే ఛానల్ పేరు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.