భాగం 7: వీగన్ జీవనం – గుంటూరు, ప్రకాశం నల్లరేగడి మైదానాల పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• శాకాహారానికీ వీగన్ జీవనానికీ గల తేడాను వివరించగలుగుతారు.
• గుంటూరు, ప్రకాశం ప్రాంతపు భోజనంలో పాడి పదార్థాల స్థానాన్ని గుర్తించగలుగుతారు.
• వీగన్లు పోషకాహారం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను తెలుసుకుంటారు.
• పంటకూ పాడికీ ఉన్న సంబంధం దృష్ట్యా ఈ జీవన విధానాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

పత్తికి, మిరపకు పేరుపొందిన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మాంసం ముట్టనివారు కొద్దిమంది. భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 2014లో జరిపిన బేస్‌లైన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఇటువంటి చోట మాంసంతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా మానేస్తాననే వ్యక్తి ఇరుగుపొరుగుకు వింతగా కనిపించడం సహజం. అయితే ఇక్కడి తిండిని, సేద్యాన్ని దగ్గరగా చూస్తే ఒక విషయం బోధపడుతుంది. వీగన్ జీవనం ఈ ప్రాంతపు విస్తరికి అంత దూరమైనది కాదు. కష్టమంతా పొలానికీ, పశువుల కొట్టానికీ మధ్య ఉన్న ముడిలో ఉంది.

7.2 శాకాహారి, వీగన్: తేడా

'వీగన్' అనే మాటను 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వాడుకలోకి తెచ్చారు. 'వెజిటేరియన్' అనే ఇంగ్లీషు మాటలోని మొదటి మూడు, చివరి రెండు అక్షరాలను కలిపి దీన్ని రూపొందించారు. ఆహారం, దుస్తులు తదితర అవసరాల కోసం జంతువులను వాడుకోవడాన్ని సాధ్యమైనంత మేరకు, ఆచరణకు వీలైనంత మేరకు మానుకోవడం దీని సారం. 'వీలైనంత మేరకు' అన్న మాటను గుర్తుంచుకోండి. 7.5లో దాని అవసరం తెలుస్తుంది.

మన హోటళ్ళ బోర్డులపై కనిపించే 'ప్యూర్ వెజ్' అనే మాటకు ఈ అర్థం లేదు. అక్కడ నెయ్యి, పెరుగు, పనీర్ ఉంటాయి. ఆహార పొట్లాలపై ఉండే ఆకుపచ్చ చుక్క కూడా పాలను, తేనెను అనుమతిస్తుంది. అందుకే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారాలకు వేరుగా నిబంధనలు తెచ్చి, ఆకుపచ్చ 'వి' అక్షరంతో ఒక గుర్తును నిర్ణయించింది.

మరొక తేడా సామాజికమైనది. మన ప్రాంతంలో శాకాహారం చాలాకాలంగా కొన్ని కులాల ఆచారంతో, మడితో ముడిపడి ఉంది. ఆ ఆచారంలో నెయ్యి, పాలు పవిత్రమైనవి. వీగన్ వాదం శుచిత్వానికి సంబంధించినది కాదు. అది జంతువు పడే బాధకు సంబంధించినది. ఎదుటివారి పళ్ళెంలోని తిండిని బట్టి వారిని తక్కువగా చూడడానికి దీన్ని వాడుకుంటే అది పాత వివక్షకు కొత్త పేరు మాత్రమే అవుతుంది.

7.3 విస్తరిలో ఏముంది?

ఈ ప్రాంతపు రోజువారీ భోజనాన్ని వరుసగా గమనించండి. కందిపొడి, గోంగూర పచ్చడి, కొరివికారం, దోసకాయ పప్పు, వంకాయ కూర, పులుసు, చారు. వీటిలో ఏదీ పాడి మీద ఆధారపడదు. పాడి ప్రవేశించేది ముఖ్యంగా మూడు చోట్ల: మొదటి ముద్దలో నెయ్యి, చివరి ముద్దలో పెరుగు లేదా మజ్జిగ, పొద్దున, సాయంత్రం టీలో పాలు.

నెయ్యికి బదులు పొడులలో, పచ్చళ్ళలో నువ్వుల నూనె కలుపుకోవడం చాలా ఇళ్ళలో ఉన్నదే. మజ్జిగ స్థానాన్ని నింపడం కొంచెం కష్టం. కారం తిన్న నోటికి చివరన చల్లని పులుపు కావాలి. గంజిని పులియబెట్టి చేసే తరవాణి పూర్వం ఆ పని చేసేది. వేరుశనగ గుళ్ళను నానబెట్టి, రుబ్బి, వడకట్టి, కాచిన పాలను కూడా తోడుపెట్టవచ్చు. తోడుకు పెరుగే అక్కరలేదు. గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసి ఉంచితే, వాటిని అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులు పాలను పులియజేస్తాయి. మిరప పండే నేలలో ఇది సులభమైన ఉపాయం.

ఇంటి కంటే బయట ఇబ్బంది ఎక్కువ. మిఠాయిల్లో, పొంగలిలో నెయ్యి తప్పదు. పులిహోర, గారెలు, ఉలవచారు వంటివి వీగన్లకు అనుకూలమే అయినా, ఏ నూనెలో, ఏ తాలింపుతో చేశారో అడిగి తెలుసుకోవాలి. బంధువుల ఇంట్లో పెరుగు వద్దంటే అలిగారనుకుంటారు. "పిన్నీ, చారన్నం ఇంకో ముద్ద పెట్టు, పెరుగు మానేశాను" అని ముందే చెబితే మాట పట్టింపు రాదు.

7.4 పోషకాహార జాగ్రత్తలు

(అ) మాంసకృత్తులు: జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాములు అవసరం. అంటే 60 కిలోల వ్యక్తికి సుమారు 50 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, వేరుశనగలో సుమారు 25 గ్రాములు ఉంటాయి. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్‌ను పప్పు పూరిస్తుంది. ప్రకాశం నేలల్లో పండే శనగ, కంది ఇందుకు అందుబాటులో ఉన్న వనరులు.

(ఆ) కాల్షియం: రాగులు, నువ్వులు, మునగాకు మంచి వనరులు. గోంగూరలో ఆక్సలేట్లు ఎక్కువ కాబట్టి దానిపైనే ఆధారపడరాదు.

(ఇ) విటమిన్ బి12: ఇది అన్నిటికంటే ముఖ్యం. దీన్ని తయారుచేసేవి బాక్టీరియా. మొక్కల ఆహారంలో ఇది నమ్మదగిన మోతాదులో లభించదు. పులిసిన ఇడ్లీ పిండి గాని, స్పిరులినా గాని దీనికి ప్రత్యామ్నాయం కాదు. పెద్దలకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. కాలేయంలో నిల్వ ఉండడం వల్ల లోపం కొన్నేళ్ళ వరకు బయటపడకపోవచ్చు. తరువాత రక్తహీనత, కాళ్ళూ చేతుల్లో తిమ్మిర్లు, మతిమరుపు కనిపిస్తాయి. ఆలస్యమైతే నరాలకు శాశ్వత నష్టం కలుగుతుంది. కాబట్టి వీగన్లు బి12 మాత్రలు లేదా బి12 చేర్చిన ఆహారం తప్పక తీసుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు సలహా లేకుండా ఈ మార్గంలోకి దిగరాదు.

ఇక్కడ గాంధీజీ అనుభవం గమనించదగినది. ఆయన 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో పాలు మానేశారు. 1918లో తీవ్రంగా జబ్బుపడ్డ తరువాత మేకపాలకు ఒప్పుకున్నారు. ఆ రాజీ తనను బాధిస్తూనే ఉందని ఆత్మకథలో రాసుకున్నారు. బి12ను శాస్త్రజ్ఞులు వేరుచేసింది 1948లో, ఆయన మరణించిన సంవత్సరంలోనే. ఆనాడు లేని సౌకర్యం నేడు మందుల దుకాణంలో దొరుకుతుంది.

7.5 పొలమూ, పాడీ: విడదీయడం సాధ్యమా?

ఈ మైదానాల్లో పశువు, పంట ఒకే వ్యవస్థలోని భాగాలు. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది పత్తి. పట్టు, తోలు వద్దనుకునే వీగన్‌కు నూలు బట్ట సహజమైన ఎంపిక. కాని చేలో ఏరిన పత్తి బరువులో మూడింట రెండు వంతులు గింజలే. గింజల నుంచి నూనె తీయగా మిగిలిన పత్తిచెక్క పాడిగేదెలకు మేత. అంటే నూలు చొక్కా వెనుక కూడా పాడి ఉంది. పైగా పత్తి, మిరప పురుగుమందులు ఎక్కువగా వాడే పంటలు.

రెండవది ప్రకృతి వ్యవసాయం. పురుగుమందులు లేని మిరప కావాలంటే గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్న పద్ధతి ఒక దారి. అందులో కీలకమైన జీవామృతం ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టితో తయారవుతుంది. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట ఎరువులు, వేపపిండి పశువుపై ఆధారపడటాన్ని కొంత తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు.

మూడవది రైతు కుటుంబం. పత్తి, మిరప డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. 1987–88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఈ ప్రాంతంలో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పాల డబ్బు మాత్రం పది, పదిహేను రోజులకొకసారి చేతికొస్తుంది. కౌలురైతు ఇంట్లో కిరాణాకు, పిల్లల ఫీజుకు ఆధారం అదే. ఆ గేదెను మేపి, పాలు పితికేది ఎక్కువగా స్త్రీలు.

దీనికి రెండో పక్క కూడా ఉంది. గేదె పాలివ్వాలంటే ఈనాలి. పుట్టింది పెయ్యదూడ అయితే పెంచుతారు. దున్నదూడకు ట్రాక్టర్లు వచ్చాక పని లేదు. తల్లిపాలు చాలక అది చనిపోవడమో, కబేళాకు చేరడమో జరుగుతుంది. ఒట్టిపోయిన గేదె దారి కూడా అదే. ఒంగోలు జాతి గిత్తలకు కూడా నేడు నాగలి పని తగ్గి, బండలాగుడు పోటీల్లో మాత్రం పేరు మిగిలింది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రంలో ఈ జాతిని సంరక్షిస్తున్నారు. ఇదే జాతి బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో ప్రధానమైన మాంసపు పశువు. పాలు తాగుతూ మాంసాన్ని మాత్రమే తప్పుపట్టడం తేలిక కాదన్న వీగన్ల వాదనకు ఇది బలమైన ఆధారం.

కాబట్టి వీగన్ల ప్రశ్న న్యాయమైనదే. గేదెను నమ్ముకున్న ఇల్లాలి ప్రశ్న కూడా న్యాయమైనదే. వ్యక్తి పాలు మానడం తన చేతిలో ఉన్న నిర్ణయం. ఊరు పాడి మానాలంటే ఆ స్థానంలో క్రమం తప్పని మరో ఆదాయం ఉండాలి. 'వీలైనంత మేరకు' అన్న నిర్వచనం విలువ ఇక్కడే తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

గమనిక: మీ జవాబులను భాగం చివర ఇచ్చిన వాటితో పోల్చి చూసుకోండి.
1. ఆకుపచ్చ చుక్క ఉన్న ఆహారమంతా వీగన్ ఆహారమేనా?
2. నూలు బట్టకు, పాడికి గల సంబంధం ఏమిటి?

7.6 సారాంశం

వీగన్ జీవనం మాంసంతోపాటు పాడిని, తేనెను, పట్టును, తోలును విడిచిపెట్టే జీవన విధానం. గుంటూరు, ప్రకాశం భోజనంలో నెయ్యి, పెరుగు, పాల టీ తప్ప మిగిలినదంతా దాదాపు దీనికి అనుకూలమే. బి12 విషయంలో అశ్రద్ధ చేయరాదు. పంట, పాడి కలిసి ఉన్న ఈ ప్రాంతంలో జంతువు బాధను, రైతు బతుకును కలిపి ఆలోచించినప్పుడే చర్చ సమగ్రమవుతుంది.

7.7 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. పది పంక్తుల్లో జవాబు రాయండి.
1. శాకాహారానికీ, వీగన్ జీవనానికీ తేడాలు తెలపండి.
2. విటమిన్ బి12 ప్రాముఖ్యాన్ని వివరించండి.

II. ముప్పై పంక్తుల్లో జవాబు రాయండి.
1. మీ ఊరిలో పాడి ఉన్న ఒక కుటుంబంతో మాట్లాడి, పాల ఆదాయం, దూడల పెంపకం వివరాలు సేకరించండి. వాటి ఆధారంగా వీగన్ వాదాన్ని పరిశీలించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: జవాబులు

1. కాదు. ఆకుపచ్చ చుక్క పాలను, తేనెను అనుమతిస్తుంది.
2. పత్తి గింజల నుంచి నూనె తీయగా మిగిలిన చెక్క పాడిపశువులకు మేతగా ఉపయోగపడుతుంది.