బల్క్ కూలరు చల్లబరచకుంటే తప్పు థర్మోస్టాట్‌దేనా?

సంఘ సభ్యులకు,

వేసవి ముదిరేసరికి నెల్లిమర్ల పరిసర సంఘాలలో తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటి కలదు. కూలరు మీద 4 డిగ్రీలు చూపుచున్నది, పాలు మాత్రం కాచగానే విరుగుచున్నవి. వెంటనే థర్మోస్టాట్ మార్చవలెనని పాలకవర్గం తీర్మానిస్తుంది. డబ్బు ఖర్చవుతుంది, పాలు మళ్లీ విరుగుతాయి. అందరి పాలు ఒకే ట్యాంకులో కలియును గనుక, శుభ్రంగా పిండి వేళకు తెచ్చి పోసిన సభ్యుడు కూడ నష్టపోవును. అందుచేత ఈ చిన్న పరికరం సంగతి కార్యదర్శికే గాక సభ్యులందరికీ తెలియుట మంచిది.

పిండిన పాలు సుమారు 37 డిగ్రీల వేడితో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు కొన్ని అరగంటలోపే రెట్టింపు కాగలవు. 4 డిగ్రీలకు దించితే వాటి పెరుగుదల మందగించును గాని పూర్తిగా ఆగదు.

థర్మోస్టాట్ అనేది వేడిని బట్టి పనిచేసే స్విచ్చి మాత్రమే. పాలు వెచ్చబడితే కంప్రెసరును నడిపిస్తుంది, చల్లబడితే ఆపుతుంది. పాత రకంలో సన్నని గొట్టం చివర వాయువు నింపిన బల్బు ఉంటుంది. వెచ్చదనానికి ఆ వాయువు వ్యాకోచించి స్విచ్చిని కలుపును. డిజిటల్ రకంలో తీగ చివర సెన్సారు ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్ లోపల మనం తిప్పే మీట కూడ ఈ జాతిదే.

కూలరు చూపే అంకెను నమ్మేముందు వేరే థర్మామీటరుతో సరిచూడవలెను. నలగగొట్టిన ఐసులో కొంచెం నీరు పోసి ఆ థర్మామీటరును ముంచితే అది 0 చూపాలి. ట్యాంకులోకి గాజు థర్మామీటరు దించవద్దు, పగిలితే పాలన్నీ పారబోయవలసినదే. స్టీలు పుల్ల రకం వాడండి, లేదా పాలు చెంబులోకి తీసి వెంటనే చూడండి.

ఇక పాలు కలిపే రెక్క విషయం. చాలమంది దీనిని లెక్కచేయరు. రెక్క తిరగకుంటే అడుగున సెన్సారు దగ్గరి పాలు చల్లబడును, పైపాలు వెచ్చగానే ఉండును. థర్మోస్టాట్ తన పని తాను సక్రమంగా చేసి కంప్రెసరును ఆపివేయును. ఒక సంఘంలో రెండుసార్లు థర్మోస్టాట్ మార్చిన తరువాత గాని రెక్క మోటారు చెడినదని తెలియలేదు. కనుక రెక్కను కొద్దిసేపు తిప్పి, పైన, అడుగున రెండుచోట్లా కొలవండి.

కంప్రెసరు ఆగకుండ తిరుగుచున్నా పాలు చల్లబడకుంటే థర్మోస్టాట్‌ను అనుమానించనక్కరలేదు. కండెన్సరుకు దుమ్ము పట్టినదా, వోల్టేజి పడిపోయినదా, గ్యాసు తగ్గినదా చూడవలెను. పాలు వెచ్చగా ఉన్నా కంప్రెసరు కదలకుంటే మొదట ఫ్యూజు, మూడు ఫేజులు, ఓవర్‌లోడు రిలే చూడండి. అవి బాగున్నచో అప్పుడు థర్మోస్టాట్ వంతు. పాలు 4 దాటి ఇంకా చల్లబడి అంచున గడ్డకట్టుచున్నా అనుమానం దానిమీదనే. గడ్డకట్టి కరిగిన పాలలో వెన్న విడిపోయి నమూనా సరిగా రాదు.

మార్చే పని మెకానిక్‌దే. అయినా కార్యదర్శి దగ్గరుండవలెను. మెయిన్ స్విచ్చి ఆపి, అది ఆగినదని టెస్టరుతో రూఢి చేసుకున్న తరువాతే మూత విప్పాలి. తీగలు ఊడదీసేముందు ఏది ఎక్కడిదో కాగితంపై రాసుకోండి. సన్నని గొట్టాన్ని మడత పడనీయరాదు. మడతబడితే కొత్తదైనా పనికిరాదు. బల్బు లేక సెన్సారు దాని గూటిలో చివరంటా దిగాలి. వదులుగా ఉంటే గాలి వేడిని కొలుచును, పాల వేడిని కాదు. డిజిటల్ రకమైతే పాత సెన్సారుకు కొత్త కంట్రోలరు సరిపడునో లేదో కొనేముందే అడగండి.

బిగించిన పూటనే పాలు పోయవద్దు. రెక్క మునిగేంత శుభ్రమైన నీరు పోసి నడిపి, కంప్రెసరు ఏ డిగ్రీ వద్ద ఆగినది, మళ్లీ ఏ డిగ్రీ వద్ద అందుకొన్నది రిజిస్టరులో రాయండి. మరుసటి వారమంతా రెండు పూటలా ఆ అంకెలతో సరిపోల్చండి. ఆ రిజిస్టరు చూపమని అడిగే హక్కు ప్రతి సభ్యునికీ కలదు.