పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న తొలి వారం: పాటించవలసిన జాగ్రత్తలు

వంకర పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారిలో కొందరు తొలి రోజుల బాధకు బెదిరి తీగను తామే పీకివేస్తారు; మరికొందరు తరువాతి తేదీకి వైద్యుని వద్దకు వెళ్ళడం మానుకుంటారు. నెలల తరబడి సాగవలసిన చికిత్స, వెచ్చించిన ధనం ఆ తొందరపాటుతో వృథా అవుతాయి. ఈ నొప్పి చాలావరకు సహజమైనది, తాత్కాలికమైనది.

నొప్పికి కారణం

పంటి వేరుకు, దవడ ఎముకకు నడుమ పలుచని మెత్తని పొర ఉంటుంది. తీగ పంటిని నెట్టినప్పుడు అది ఒకవైపు నలుగుతుంది, మరొకవైపు సాగుతుంది. నలిగినవైపు ఎముక క్రమంగా కరిగి, సాగినవైపు కొత్త ఎముక ఏర్పడినందువల్లనే పన్ను కదులుతుంది. క్లిప్పులు వేసిన కొన్ని గంటలకు నొప్పి మొదలై, మరునాటికి హెచ్చి, సాధారణంగా వారం లోపల తగ్గుతుంది. తీగ బిగించిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు కొంత నొప్పి ఉండవచ్చు.

ఉపశమన మార్గాలు

• గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించాలి. చల్లని నీరు త్రాగినా నొప్పి తగ్గుతుంది.
• అవసరమైతే వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడవచ్చు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. లవంగ నూనెను నేరుగా పూస్తే చిగురు కాలుతుంది.
• క్లిప్పు బుగ్గకు ఒరుసుకొంటే, ఆ చోటును తుడిచి ఆరబెట్టి, వైద్యుడిచ్చిన మైనాన్ని బఠాణీ గింజంత అద్దాలి.
• తీగ కొన గుచ్చుకొంటే, శుభ్రమైన దూదిపుల్లతో మెల్లగా లోపలికి వంచి, మైనం అద్ది, వైద్యునికి చూపించాలి.
• నొప్పి ఉన్నా మెత్తని బ్రష్షుతో పళ్ళు తోముకోవడం మానరాదు.

ఆహారం

ఇక్కడివారు ముద్దె అని పిలిచే రాగి సంగటిని నమలకుండా మింగడం ఈ ప్రాంతపు అలవాటు. పప్పుచారుతో అది ఈ రోజులకు తగిన భోజనం. పెరుగన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, రాగి జావ కూడా అనుకూలమే. నోటిలో పుండ్లుంటే కారం తగ్గించాలి. చికిత్స ముగిసేవరకు చెరకు, జంతికలు, పల్లీ చిక్కి, మాంసపు ఎముకలు కొరకరాదు. సంక్రాంతికి ఇరుగుపొరుగువారు పంచే ఎళ్ళు-బెల్లలోని ఎండుకొబ్బరి, బెల్లపు ముక్కలు క్లిప్పులను ఊడదీయగలవని పిల్లలకు ముందే చెప్పాలి.

ఊరికి వెళ్ళేటప్పుడు

పండుగకు స్వస్థలం వెళ్ళేవారు వైద్యుని తేదీ దాటిపోకుండా చూసుకోవాలి. మైనం వెంట తీసుకువెళ్ళాలి. నివాసం మారితే చికిత్స ఆపక, ఎక్స్‌రేలు, చికిత్స వివరాలు తీసుకొని కొత్త వైద్యునికి అందజేయాలి.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు

వారం దాటినా నొప్పి పెరుగుతున్నా, ముఖం వాచినా, జ్వరం లేక చీము కనిపించినా వెంటనే వైద్యుని కలవాలి. ఊడిన ముక్క గొంతులోకి పోయి దగ్గు, ఊపిరాడకపోవడం కలిగితే 108కు ఫోన్ చేయాలి. కన్నడంలో పంటి నొప్పిని ‘హల్లు నోవు’ అని, వాపును ‘ఊత’ అని, తీగ గుచ్చుకొంటున్నదనుటకు ‘తంతి చుచ్చుత్తిదె’ అని చెప్పవచ్చు. హొసకోటె వాసులకు బెంగళూరులో విక్టోరియా ఆసుపత్రి సమీపాన ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల కూడా అందుబాటులో ఉన్నది.