మూసీకి రాని సముద్ర నక్షత్రములు

గౌలిగూడకు దక్షిణముగా ప్రవహించు మూసీనది వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. కృష్ణ హంసలదీవి యొద్ద బంగాళాఖాతమును చేరును. నీటి దారిని బట్టి చూచినచో మన నగరమునకును సముద్రమునకును నడుమ తెంపు లేదు. ఈ త్రోవ పొడవునను చేపలు, రొయ్యలు, పీతలు, నత్తలు, జలగలు కానవచ్చును. వీని దాయాదులు సముద్రమునందును కలవు. కాని సముద్రమున ఎల్లెడల వ్యాపించియున్న యొక జంతుసముదాయము మాత్రము ఈ త్రోవలో ఒక్క మజిలీయైనను లోపలికి రాలేదు. అవియే నక్షత్రచేపలు, సముద్రపు ముండ్లబంతులు, వాని బంధువులు. శాస్త్రజ్ఞులు వీనిని కంటకచర్ములందురు. చర్మమున ముండ్లు కలవి యని అర్థము. నేడు జీవించియున్న జాతులు సుమారు 7,000. వీనిలో మంచినీట కాపురముండునది ఒక్కటియు లేదు. నేలమీద బ్రతుకునదియు లేదు. ఉప్పునీటిని పూర్తిగా అంటిపెట్టుకొనియున్న జంతువర్గములలో ఇదియే పెద్దది. దీనికి కారణమేమో, ఈ జీవులు ఎక్కడెక్కడ ఎట్లు వ్యాపించినవో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

ముందుగా వీని కుటుంబమును పరిచయము చేసికొందము. ఇందు అయిదు తెగలు కలవు. మొదటిది నక్షత్రచేప. పేరున చేప యున్నను దీనికి వెన్నెముక లేదు, తల లేదు, మెదడును లేదు. నడిమి బిళ్లనుండి సాధారణముగా అయిదు భుజములు చాచుకొనియుండును. నోరు అడుగుభాగమున ఉండును. ఈ తెగలో సుమారు 1,900 జాతులు కలవు. రెండవది సర్పతార. దీని భుజములు సన్నములై పామువలె మెలికలు తిరుగును; తెగినను మరల మొలచును. ఇవి 2,000 జాతులకు పైబడినవి. మూడవది ముండ్లబంతి. నక్షత్రచేప తన భుజములను పైకి మడిచి బంతిగా చుట్టుకొన్నదా యన్నట్లుండును. ఇసుకలో పూడుకొనియుండు పలుచని బిళ్లవంటి జంతువులును ఈ తెగలోనివే. నాల్గవది సముద్ర దోసకాయ. ఇది మెత్తని దేహముతో అడుగున పడియుండి, బురదను మ్రింగి, అందలి పోషకపదార్థమును గ్రహించి, మిగిలినదానిని విడిచిపెట్టును. పొలమున వానపాము చేయు పనినే సముద్రగర్భమున ఇది చేయుచున్నది. అయిదవది సముద్ర కలువ. కొన్ని కాడతో అడుగునకు అంటుకొనియుండును. ఈకలవంటి భుజములు గల మరికొన్ని స్వేచ్ఛగా కదలును.

వీనికన్నిటికిని ఉమ్మడియైనది ఒక విచిత్రమైన నీటి యేర్పాటు. నక్షత్రచేపనే చూడుడు. దాని వీపున జల్లెడవంటి చిన్న బిళ్ల యొకటి యుండును. దాని ద్వారా సముద్రజలము లోపలి నాళములకు అందును. ఆ నాళముల కొమ్మలు ప్రతి భుజములోనికి పోయి, వందలకొలది మెత్తని గొట్టపుకాళ్లలో ముగియును. నీటి యొత్తిడిచే ఈ కాళ్లు సాగును, ముడుచుకొనును. నడచుటయు, ఆహారము పట్టుటయు, కొంతవరకు ఊపిరి పీల్చుటయు వీనితోనే.

ఇట్టి జంతువు లోపలి నీటికిని వెలుపలి సముద్రజలమునకును ఉప్పదనమున భేదము మిక్కిలి స్వల్పము. మంచినీటి చేప తన దేహములోనికి చొరబడు నీటిని మూత్రపిండముల సాయమున ఎప్పటికప్పుడు వెలికి తోడివేయగలదు. నక్షత్రచేపకు మూత్రపిండములు లేవు. చప్పనినీట వేసినచో, నానబెట్టిన ఎండుద్రాక్షవలె దేహము ఉబ్బి, కాళ్లు పట్టుతప్పి, అది మరణించును. సర్పతారలలో కొన్ని మాత్రము ఉప్పు తగ్గిన నదీముఖములందును ఓర్చుకొనగలవు. ఐరోపాలోని బాల్టిక్ సముద్రమున ఈ హద్దు చక్కగా తెలియును. పడమటి భాగమున నక్షత్రచేప కలదు; లోనికి పోయిన కొలది నీరు చప్పబడును, ఒకచోట నక్షత్రచేప అంతరించును.

ఇక మన తీరమునకు వత్తము. విశాల సముద్రమున వేయి పాళ్ల నీటికి ఉప్పు సుమారు 35 పాళ్లు. బంగాళాఖాతములోనికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మున్నగు మహానదులు దిగుటచే, వానకాలము ముగియునప్పటికి ఉత్తరభాగపు పైనీట ఉప్పు 30 పాళ్లకు లోపుగనే యుండును. అక్టోబరునుండి డిసెంబరువరకు తీరము వెంబడి దక్షిణముగా సాగు ప్రవాహము ఆ చప్పదనమును ఆంధ్రతీరమునకు మోసికొనివచ్చును. ఫిబ్రవరినుండి మేవరకు ప్రవాహము ఉత్తరముగా మరలును. అప్పుడు ఉప్పదనము హెచ్చును. ఏటేటా ఈ మార్పునకు తట్టుకొనగల జాతులే ఇచట తీరమునంటి నిలుచును.

నేల స్వభావమును లెక్కకు వచ్చును. గోదావరీ కృష్ణల ముఖముల బురదయు ఇసుకయు మెండు. ఇట్టిచోట్ల ఆస్ట్రోపెక్టెన్ అను నక్షత్రచేప ఇసుకలో పూడుకొని జీవించును. పట్టుకొను బిళ్లలు లేని మొనదేరిన కాళ్లు దానికి ఇసుక త్రవ్వుటకు అనుకూలించును. విశాఖపట్టణమున రాతితీరము కలదు. అచ్చటి గుంటలలో స్టోమోప్న్యూస్టిస్ అను ముదురురంగు ముండ్లబంతులు అలల తాకిడికి చలింపక అంటుకొనియుండును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రశాఖలో ఆచార్య పి. ఎన్. గణపతి మొదలగువారు ఈ తీరపు జీవజాలమును చిరకాలము పరిశీలించిరి.

నదులకు దూరమై, పగడపుదిబ్బలు గల చోట్ల ఈ కుటుంబపు వైభవము తెలియును. మన్నారు సింధుశాఖలో ఎఱ్ఱని బుడిపెలు గల నక్షత్రచేపయు, అండమాను దీవులలో నీలవర్ణపు నక్షత్రచేపయు కలవు. భారతదేశపు నీటిలో 750కి పైగా కంటకచర్మజాతులు గుర్తింపబడగా, వానిలో సగమునకు మించి అండమాను నికోబారులలోనే కలవు. అచ్చటినుండి తూర్పుగా ఇండోనేషియా, ఫిలిప్పీనుల వరకు పోయినచో వీని సంపద మరింత హెచ్చును. పిల్లదశలో ఇవి కంటికానని తేలుజీవులై ప్రవాహములవెంట దూరదేశములకు పోవుటయే ఈ వ్యాప్తికి ముఖ్యకారణము.

చలియు లోతును వీనికి అడ్డుకాలేదు. అంటార్కిటికా మంచునీటను ఇవి సమృద్ధిగా కలవు. 10,000 మీటర్లకు మించిన అగాధములందును సముద్ర దోసకాయలు జీవించుచున్నవి. బంగాళాఖాతపు లోతులలోని నక్షత్రచేపలను, 1888నుండి ‘ఇన్వెస్టిగేటర్’ నౌకలో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ శాస్త్రలోకమునకు తెలిపెను.

50 కోట్ల సంవత్సరములకు పైగా సముద్రమున నిలిచిన యీ వంశమునకు ఒక బలహీనత కలదు. వీనిలో పెక్కు జాతుల ఆడమగలు అండములను, బీజములను నీటిలోనికి విడిచిపెట్టును. అవి నీటిలోనే కలియవలయును. జంతువులు పలుచబడి దూరదూరముగా ఉన్నచో ఆ కలయిక జరుగదు. పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖల సముద్ర దోసకాయలను ఎండబెట్టి తూర్పుదేశములకు చిరకాలము ఎగుమతి చేసిరి. అవి తగ్గిపోవుటచే 2001లో భారతప్రభుత్వము వానిని వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి జాబితాలో చేర్చి, పట్టుటను నిషేధించెను. లక్షదీవులలో 2020లో వానికై ప్రత్యేక రక్షితప్రాంతము ఏర్పడెను. ఒక తెగ నశించినచో ఏమగునో 1983లో కరేబియను సముద్రమున తెలిసినది. అచట వ్యాధి సోకి పొడవుముండ్ల ముండ్లబంతులు పదింట తొమ్మిదికి పైగా చచ్చినవి. నాచును మేయువారు లేక అది పగడపుదిబ్బలను కప్పివైచెను.

మా శ్రోతలలో పలువురు సెలవులలో విశాఖ, భీమునిపట్టణము పోవుదురు. ఆటుపోటుల నడుమ రాతిగుంటలో నక్షత్రచేప కనబడినచో, పిల్లలకు దాని అడుగుభాగపు కాళ్లను నీటిలోనుంచియే చూపుడు. ఇంటికి తెచ్చి మంచినీటి తొట్టిలో వేయరాదు. కొన్ని గడియలైనను అది బ్రతుకదు. చూచిన పిమ్మట దానిని ఏ రాతినుండి తీసిరో ఆ రాతియొద్దనే ఉంచుడు.